పెదనాన్నగారి చెంచాల పలక: కరిగించాలా, గోడ మీదే ఉంచాలా?

నాలుగోలైను, గుంటూరు

అందరికీ నమస్కారం. మాది బ్రాడీపేట. మా పెదనాన్నగారు ఇక్కడి మెడికల్ కాలేజీలో చదువుకొని, 1967లో ఇంగ్లండు వెళ్ళి, బర్మింగ్‌హాంలో పదిహేడేళ్ళు వైద్యం చేసి, 1984లో తిరిగి వచ్చారు. తెచ్చిన సామానులో రంగుల టీవీ లేదని చుట్టాలు నొచ్చుకున్నారట గానీ, ఒక చెక్క పలక మాత్రం ఉంది. దాని మీద నాలుగు వరుసలు, వరుసకు పదకొండు గంట్లు, గంటుకొక చిన్న చెంచా. నలభై నాలుగు గంట్లకు నలభై మూడు చెంచాలే ఉన్నాయి. కింది వరుసలో చివరి గంటు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఖాళీయే.

ఒక్కొక్క చెంచా జానెడులో సగం కంటే కొంచెం ఎక్కువ పొడవుంటుంది. కాడ చివర ఏదో ఒక ఊరి చిహ్నమో, కోటో, చర్చి గోపురమో ఉంటుంది. కొన్నిటికి ఎరుపు, నీలం రంగులలో మీనా పని ఉంది. ఒకదాని కాడ చివర గాలిమర, దానికి నిజంగానే తిరిగే రెక్కలు. పెదనాన్నగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ నేను కుర్చీ ఎక్కి వాటిని ఊదేవాణ్ణి. ఇంకొకటి మరీ విచిత్రమైనది: బంగారు రంగు, కాడ నిండా చెక్కడపు పని, గిన్నె భాగం మధ్యలో నిలువుగా ఒక గట్టు. ఆ గట్టు వల్ల దానితో పంచదార కూడా సరిగా తీసుకోలేము.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇంటిని అపార్టుమెంటు కట్టడానికి ఇస్తున్నాము కనుక సామాను సర్దుతున్నాము. పట్నంబజారులో ఒక వెండి వర్తకునికి ఈ చెంచాలు చూపిస్తే, గీటురాయి మీద గీసి, పందొమ్మిది వెండివనీ, మిగిలిన ఇరవై నాలుగు జర్మన్ సిల్వర్ అనీ తేల్చి, వెండివి తూకానికి తీసుకుంటానన్నారు. వాటితో మనవరాలికి పట్టీలు చేయిద్దామని మా వదినగారి ఆలోచన. పెద్దమ్మ ఔననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు. గీటురాయి మీద గీసినప్పుడు ఒక చెంచా వెనుక ఉన్న గుర్తు సగం చెరిగిపోయింది. అది చూసిన తరువాత నాకే చేతులు రాక వెనక్కు తెచ్చాను.

ఊరికొక చెంచా చొప్పున పోగుచేసే ఈ అలవాటు ఎక్కడిది? అందుకు చెంచానే ఎందుకు ఎంచుకున్నారు? వీటికి తూకాన్ని మించిన విలువ ఏమైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.


పాతసామాను, విజయవాడ

మీకు పనికిరానిదిగా కనిపించిన ఆ గట్టు చెంచాతోనే మొదలుపెడతాను. అది బ్రిటిషు రాజుల పట్టాభిషేకంలో వాడే తైలపు చెంచాకు నకలు అయివుంటుంది. అసలుది పన్నెండవ శతాబ్దం నాటిది, ఇప్పుడు లండన్ టవరులో ఉంది. ఆర్చిబిషప్పు రెండు వేళ్ళు ముంచి రాజుకు తైలం అద్దడానికే గిన్నెను అలా రెండు పాయలు చేశారని చెబుతారు. 1649లో మొదటి చార్లెస్ తల తీసి, రాచ కిరీటాలను, నగలను కరిగించిన రోజులలో, క్లెమెంట్ కినర్స్‌లీ అనే రాజోద్యోగి దీనిని పదహారు షిల్లింగులకు కొని దాచాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చిన తరువాత రెండవ చార్లెస్‌కు అప్పగించాడు. 2023లో మూడవ చార్లెస్ పట్టాభిషేకంలోనూ ఆ చెంచానే వాడారు. 1937, 1953 పట్టాభిషేకాల సందర్భంగా దీని నకళ్ళు విరివిగా తయారై అమ్ముడుపోయాయి. మీ పెదనాన్నగారు ఇంగ్లండులో దిగేనాటికి అవి పాతసామాను కొట్లలో తేలికగా దొరికి ఉంటాయి.

చెంచానే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కొంత ఆచారంలో ఉంది, కొంత వెండి ధరలో ఉంది. ఐరోపాలో ఒకప్పుడు ఎవరి చెంచా వారే వెంట తీసుకుపోయేవారు. ఆతిథ్యమిచ్చేవారు అన్నం పెడతారే గానీ చెంచా పెట్టేవారు కారు. అందువల్ల అది సొంతదారు పేరు, హోదా చెప్పే వస్తువయింది. పదిహేనవ శతాబ్దం నుంచి ఇంగ్లండులో బాప్తిస్మం నాడు బిడ్డకు జ్ఞానపితలు, అంటే మతపరంగా పెద్దదిక్కుగా నిలిచేవారు, వెండి చెంచా ఇచ్చేవారు. దాని కాడ చివర క్రీస్తు శిష్యులలో ఒకరి బొమ్మ ఉండేది. కలవారు పన్నెండుమంది శిష్యులు, క్రీస్తు కలిపి పదమూడింటి జత ఇచ్చేవారు, లేనివారు ఒక్కటి ఇచ్చేవారు. చెంచాను ఒక సందర్భానికి గుర్తుగా ఉంచుకోవడం అక్కడ అప్పటికే పాతబడిన అలవాటన్నమాట.

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా అంతటా రైళ్ళు పడి, విహారయాత్రలు మధ్యతరగతికి కూడా అందుబాటులోకి వచ్చాక, యాత్రికులు తాము చూసిన ఊరి పేరు చెక్కించిన చెంచాలను ఇంటికి తీసుకుపోసాగారు. మనవారు కాశీ నుంచి సీలు వేసిన గంగచెంబు తెచ్చినట్లే అనుకోండి. కాకపోతే చెంబులో గంగ ఉంటుంది, చెంచాలో ఊరి పేరు ఉంటుంది.

అసలు మోజు మాత్రం అమెరికాలో పుట్టింది. జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడై నూరేళ్ళయిన సందర్భంగా 1889లో, వాషింగ్టన్ నగరంలోని గాల్ట్ అండ్ బ్రదర్స్ అనే నగల కొట్టువారు ఆయన ముఖం ముద్రించిన చెంచాను విడుదల చేశారు. వెంటనే ఆయన భార్య మార్తా పేర మరొకటి చేశారు. మసాచుసెట్స్‌లోని సేలం పట్టణంలో డానియల్ లో అనే నగల వర్తకుడు జర్మనీ యాత్రలో ఇటువంటి చెంచాలు చూసి వచ్చి, 1891 నాటికి తన ఊరి పేరుతో ఒకటి అమ్మకానికి పెట్టాడు. దాని కాడ మీద చీపురు పట్టిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. 1692లో ఆ ఊరిలో మంత్రగత్తెలన్న నింద వేసి పందొమ్మిది మందిని ఉరితీశారు. రెండు వందల ఏళ్ళు తిరగకుండానే ఆ ఘోరాన్ని టీ చెంచా మీదికి ఎక్కించి అమ్ముకోవడం నాకైతే మింగుడుపడదు. కానీ దేశమంతటా ఊరూరా చెంచాలు పుట్టుకురావడానికి ఈ చెంచాయే ఎక్కువగా దోహదం చేసింది. 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగేనాటికి ఆ ప్రదర్శన పేర వచ్చిన చెంచాల రకాలను లెక్కపెట్టడమే కష్టమయింది.

ఇక వెండి ధర సంగతి. నెవాడాలో 1859లో బయటపడిన కామ్‌స్టాక్ గనులు, ఆ తరువాతి ఇతర గనులు కుప్పలుగా వెండి తోడి పోశాయి. అదే కాలంలో జర్మనీ మొదలైన దేశాలు వెండి నాణేలను వదలి బంగారానికి మారాయి. వెండి పడిపోయింది. దాని దెబ్బ మన రూపాయికి కూడా తగిలింది: 1870ల మొదట్లో సుమారు రెండు షిల్లింగులు పలికిన రూపాయి, 1893 నాటికి షిల్లింగున్నర కన్నా దిగువకు జారింది, ఆ ఏడాదే ప్రభుత్వం మన టంకశాలలలో ప్రజల వెండిని స్వేచ్ఛగా నాణేలు కొట్టి ఇవ్వడం ఆపివేసింది. ఇక్కడ మన రూపాయిని పడగొట్టిన వెండే అక్కడ బడిపంతులు కూడా కొనుక్కోగల చెంచా అయింది. ఉక్కు అచ్చుల మధ్య వెండి రేకు పెట్టి ఒత్తే యంత్రాలు అప్పటికే ఉండడంతో, ఒకే అచ్చు కాడకు ఏ ఊరి బొమ్మనైనా గిన్నెలో చెక్కి ఇచ్చే వీలు కలిగింది. టీ, కాఫీ చెంచాల పరిమాణంలో చేశారు కనుక పెట్టెలో చోటు పట్టదు, పగలదు, ఇంటికి వచ్చినవారికి కాఫీ ఇస్తూ మాట కలపడానికి పనికివస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ మోజు చల్లారింది. రెండవ యుద్ధం తరువాత కార్లు, విమానాలు పెరిగాక మళ్ళీ లేచింది గానీ, ఈసారి ఎక్కువ భాగం వెండి పూత వేసిన చెంచాలే. మీ పలక ఆ రెండవ కాలానికి చెందినది. అందులో స్విట్జర్లాండుది ఉంటే వెనుకవైపు చూడండి. లూసర్న్‌లోని బుఖరర్ అనే గడియారాల కొట్టువారు కొనుగోలుదారులకు రోలెక్స్ గుర్తు వేసిన చెంచాలు ఊరికే ఇచ్చేవారు. ఏ సేకరణలో చూసినా అవి తగులుతూనే ఉంటాయి.


గీటురాయి, విజయవాడ

మాది మూడు తరాలుగా వెండి పని చేసే కుటుంబం కనుక కొంచెం చొరవగా చెబుతున్నాను: ఆ చెంచాలను ఇక ఎవరినీ గీయనివ్వకండి. గీటురాయి మన గాజులకు, గొలుసులకు సరే. చెంచాల విషయంలో వెనుక ఉన్న గుర్తులే సాక్ష్యం, గీటు పెడితే ముందుగా పోయేవి అవే.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి తెచ్చుకొని కాడ వెనుకవైపు చూడండి. నడుస్తున్న సింహం ఉంటే అది ఇంగ్లండు స్టెర్లింగు వెండి, అంటే వెయ్యికి 925 పాళ్ళు. పక్కన ఉండే గుర్తు పరీక్ష చేసిన ఊరిని చెబుతుంది: చిరుతపులి తల లండనుది, లంగరు బర్మింగ్‌హాంది, కిరీటం షెఫీల్డుది. షెఫీల్డువారు 1975 నుంచి గులాబీకి మారారు. వీటితోపాటు ఏటేటా మారే ఒక అక్షరం ఉంటుంది. దానిని పట్టికతో సరిపోల్చుకుంటే ఏ సంవత్సరంలో ముద్ర పడిందో తెలుస్తుంది. వర్తకుడు చెరిపినది ఆ అక్షరమే అయితే, ఆ చెంచా వయసు చెరిగిపోయినట్లే.

సముద్రమే లేని బర్మింగ్‌హాంకు లంగరు ఎందుకని మీకు సందేహం రావచ్చు. 1773లో పరీక్షా కార్యాలయం కోసం ఆ రెండు ఊళ్ళవారూ లండనులో మంతనాలు జరిపినది ‘కిరీటం, లంగరు’ అనే పేరుగల పానశాలలోనట. చట్టం వచ్చాక చెరొకటి పంచుకున్నారని కథ. పెదనాన్నగారు బర్మింగ్‌హాంలోనే ఉన్నారు కనుక మీకు లంగరు గుర్తులే ఎక్కువగా కనిపించవచ్చు.

ఐరోపా చెంచాల మీద 800 అనో, నార్వే వాటి మీద 830 అనో అంకెలు ఉంటాయి. అవీ వెండే, పాలు తక్కువ. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే మాత్రం అది నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. నికెల్ సిల్వర్ అన్నా, మనం పెళ్ళిళ్ళలో పంచిపెట్టే జర్మన్ సిల్వర్ అన్నా ఒకటే: రాగి, తుత్తునాగం, నికెల్ కలిసిన లోహం, అందులో వెండి వీసమెత్తు ఉండదు. ఈ పూత పద్ధతికి 1840లో హక్కు పొందిన ఎల్కింగ్టన్ సంస్థ కూడా బర్మింగ్‌హాందే. అంటే మీ పెదనాన్నగారు అసలు ఊరిలోనే అసలూ, పూతా రెండూ కొన్నారు.

శుభ్రం చేసే విషయం. మన ఇళ్ళలో వెండికి విభూతి, పళ్ళపొడి వేసి రుద్దుతారు. పూత చెంచాలకు అది చేశారంటే నాలుగు దీపావళులలో అడుగు లోహం బయటపడుతుంది. కుంకుడుకాయ పులుసు, మెత్తని గుడ్డ చాలు. అల్యూమినియం రేకు పరచిన పళ్ళెంలో వేడినీళ్ళు, తినే సోడా వేసి ముంచితే నలుపు పోతుంది గానీ, మీనా పని ఉన్న వాటిని అందులో వేయవద్దు. రబ్బరు బ్యాండు వేసి కట్టవద్దు. రబ్బరులోని గంధకానికి బ్యాండు తగిలిన చోట గీతలాగా నల్లబడుతుంది. గాలిమర చెంచాకు నూనె వేయాలన్న కోరిక పుడితే అణచుకోండి.


గవర్నరుపేట

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండవ వైపు నేను చెబుతాను. పూత చెంచాలకు బజారులో దాదాపు ధర లేదు. విదేశాలలో కూడా వాటిని గుత్తగా అమ్ముతారు, కొనేవారు బేరమాడతారు. వెండివి ఒక్కొక్కటి పది, పదిహేను గ్రాములు తూగితే గొప్ప. ఇంట్లో వెండి ఉంచుకునేది అవసరానికి ఆదుకుంటుందని. పసిదాని కాళ్ళకు పట్టీలై గల్లుమంటే పెదనాన్నగారు పైనుంచి కోప్పడతారా? మా అమ్మగారి వెండి గ్లాసులు మేము మా పెద్దమ్మాయి ఫీజుకు అమ్మాము, దానికి నేనేమీ బాధపడలేదు. గోడకు నలభై మూడు చెంచాలు తగిలిస్తే దుమ్ము తుడిచేది ఎవరో కూడా ముందుగా తేల్చుకోండి. సాధారణంగా ఆ పని పలకను ఉంచాలని పట్టుబట్టినవారు చేయరు.


కృష్ణఒడ్డు, విజయవాడ

గవర్నరుపేటవారి మాటలో న్యాయం ఉంది, ముఖ్యంగా దుమ్ము విషయంలో. అయినా ఒక మాట. మన ఇళ్ళలో చెంచాను ఇలా దాచుకునే అలవాటు లేదని అనుకుంటాము గానీ, ఉద్ధరిణిని మరచిపోతున్నాము. మా నాన్నగారి పూజలో ఉన్న రాగి ఉద్ధరిణిని మా తాతగారు కాశీ నుంచి తెచ్చారు. కాడ చివర పడగ విప్పిన పాము, ఆ పడగ మీద తాతగారి బొటనవేలు ఆనీ ఆనీ కళ్ళు అరిగిపోయి నున్నగా అయింది. దానిని ఎవరూ తూకం వేయలేదు. అలాగే అన్నప్రాసన నాడు మేనమామ తెచ్చే వెండి గిన్నె, చెంచా కూడా, బాప్తిస్మం చెంచాకు దూరపు చుట్టమే.

ఇంకొక సంగతి. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులలో మద్రాసు వెండి పనివారు తెల్లవారి కోసం కాడ మీద దేవతా విగ్రహాలు పోతపోసిన చెంచాలు చేసేవారు. ఆ పనితనాన్ని ‘స్వామి’ వెండి అనే పేరుతో పిలిచేవారు. మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ ఈ పనికి పేరుపడ్డ సంస్థ. కృష్ణుడి కాడ పట్టుకొని దొరసాని టీ కలుపుకోవడం మన పెద్దలకు ఎలా అనిపించిందో గానీ, ఈనాడు ఆ చెంచాలకు సేకర్తలలో మంచి గిరాకీ ఉంది. మీ పలక మీద అటువంటిది ఒక్కటి ఉన్నా తూకానికి ఇవ్వకండి. బర్మింగ్‌హాం పాతకొట్లలో అవి దొరకడం వింతేమీ కాదు.

విజయవాడ పేర ఒక చెంచా ఎందుకు రాలేదా అని నేను ఒకప్పుడు ఆలోచించాను. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయినప్పుడు ఎవరైనా చేసి ఉంటే ఈపాటికి నేను వెదుకుతూ ఉండేదాన్ని. మన ఊరికి వచ్చినవారు కొండపల్లి బొమ్మ తీసుకుపోతారు. చేతితో తినేవారి ఊరికి అదే సరైనది కాబోలు.


నాలుగోలైను, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. శని, ఆదివారాలు రెండు రోజులూ భూతద్దంతోనే గడిచాయి. వర్తకుడు వెండి అని చెప్పిన పందొమ్మిదింటిలో పన్నెండుకు లంగరు, మూడింటికి చిరుత తల, రెండింటికి కిరీటం ఉన్నాయి. మిగిలిన రెండింటి మీద 800 అంకె ఉంది. జర్మన్ సిల్వర్ అని తోసేసిన వాటిలో నీలిరంగు మీనా చెంచా ఒకదాని వెనుక 830 కనిపించింది. రంగు పోతుందని ఆయన దానిని గీయలేదేమో. గట్టు చెంచా మీద ఇ.పి.ఎన్.ఎస్. అనే ఉంది. లూసర్న్ చెంచాలు రెండున్నాయి, రెండింటి మీదా రోలెక్స్ గుర్తే. పెదనాన్నగారు జన్మలో పెట్టుకున్నది హెచ్.ఎం.టి. గడియారం. స్వామి చెంచా లేదు.

నేను ఒక్కొక్కటి తీసి గుర్తులు రాసుకుంటూ ఉంటే పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. ‘బ్లాక్‌పూల్ వెళ్ళిననాడు వాన, బస్సులోనే కూర్చుని పులిహోర తిన్నాం’ అన్నారు. ‘ఇది ఆయన కొన్నది కాదు, ఆపరేషన్ అయిన ముసలాయన ఇచ్చాడు’ అన్నారు. గాలిమర చెంచా తీసినప్పుడు, ‘నువ్వు ఊదుతున్నావని ఆయనకు తెలుసు, కళ్ళు మూసుకుని వినేవారు’ అన్నారు. నలభై మూడింటిలో ఆమెకు కథ తెలియనివి ఆరో, ఏడో ఉన్నాయి. దారంతో అట్టముక్కలు కట్టి అన్నిటికీ వివరం రాశాను. వదినగారు కూడా రెండింటికి రాశారు. పట్టీలు కొత్తవే కొంటున్నారు. దుమ్ము నా వంతు అని అందరి ఎదుట ఒప్పుకున్నాను.

చివరగా ఆ ఖాళీ గంటు సంగతి అడిగాను. పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీపొడి డబ్బా తెచ్చి మూత తీశారు. అందులో కాడ దాకా పొడిలో కూరుకుపోయి ఒక చెంచా ఉంది. కడిగి చూస్తే ఎడిన్‌బరో కోట, మీనా సగం రాలిపోయింది, వెనుక ముద్ర నా గోటికి కూడా తగలనంతగా అరిగింది. గంటులో పెడదామని చెయ్యి చాపితే ఇవ్వలేదు. దానితో రెండు వేస్తే డికాక్షన్ సరిపోతుందట, వేరే చెంచాతో తనకు కొలత కుదరదట.